తిన్నింటి వాసాలు లెక్కపెట్టండి!

గోడలకు ఏ రంగు వేయించామో చెప్పగలం. గచ్చుకు ఏ రాయి పరిపించామో చెప్పగలం. మరి నెత్తిమీది కప్పులో ఏమేం ఉన్నాయి? వానో గాలివానో వచ్చి బెదిరిస్తే తప్ప తలెత్తి చూడని ఆ కప్పు కథే ఇది.

అన్నం పెట్టిన ఇంటికే కీడు తలపెట్టేవాణ్ని 'తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం' అంటారు. కడుపునిండా భోంచేసి, వసారాలో చాప మీద వెల్లకిలా పడుకుని, ఈ ఇంటికి ఎన్ని వాసాలున్నాయి, ఎంత చేస్తుంది... అని ఆరా తీసేవాడన్నమాట. ఇప్పుడు అలాంటివాడు వచ్చినా లెక్కపెట్టడానికి ఏమీ దొరకదు. పైకి చూస్తే తెల్లటి స్లాబు, మధ్యలో తిరిగే ఫ్యాను. అంతే! 'వాసం అంటే ఏంటి నానమ్మా?' అని మనవడు అడిగితే చూపించడానికి ఊళ్లో ఒక్క పెంకుటిల్లయినా మిగిలి ఉండాలి.

నిజానికి వాసాలు లెక్కపెట్టడం చెడ్డ పనేం కాదు. వచ్చినవాడు లెక్కపెడితే తప్పుగానీ ఇంటాయన లెక్కపెడితే ఇంటికి మంచిదే. ఏ వాసానికి చెద పట్టింది, ఏ దూలం కుంగింది, ఏ పెంకు పగిలింది అని ఏడాదికోసారైనా పైకి చూసిన ఇల్లు పదికాలాలు నిలుస్తుంది. చూడని ఇల్లు ఏదో ఒక ముసురు రాత్రి మీద పడుతుంది. వానాకాలంలో పాత మిద్దె కూలిందన్న వార్త చదవని ఏడాది ఉందా?

కప్పంటే ఇంటికి పెట్టిన మూత అనుకుంటాం. కానీ దానికి రెండు పనులున్నాయి. ఎండావానలను ఆపడం ఒకటి. అది అందరికీ తెలిసిందే. తన బరువునూ, తన మీద పడిన బరువునూ గోడలదాకా తీసుకెళ్లి అప్పగించడం రెండోది. ఊళ్లో ఇల్లు అంటుకుంటే జనం బావి దగ్గర్నుంచి వరసగా నిలబడి బిందెలు అందిస్తారు చూడండి, అచ్చం అలాగే కప్పులో బరువు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ నేలకు దిగుతుంది. వరసలో ఒక్కరు చెయ్యి వదిలితే బిందె జారినట్టే, కప్పులో ఒక్క కట్టు వదిలితే మిగిలినవన్నీ గట్టిగా ఉన్నా లాభం లేదు.

పెంకు నుంచి నేలదాకా

ఈ సంగతి కళ్లారా చూడాలంటే పెంకుటిల్లే దారి. అందులో ఏదీ దాగదు. అన్నీ బయటికే కనిపిస్తాయి.

అన్నిటికంటే పైన పెంకులు. వాటి కింద అడ్డంగా కొట్టిన సన్నటి బద్దలు. వీటిని ఇప్పుడు రీపర్లు అంటున్నాంగానీ పెద్దవాళ్లు పెండెబద్దలు అనేవారు. పెంకుల బరువు వీటిమీద పడుతుంది. ఇవి ఆ బరువును వాసాలకు అందిస్తాయి. వాసాలు ఏటవాలుగా ఉంటాయి. పై కొస వెన్నుగాడి మీద, కింది కొస గోడమీద. వెన్నుగాడి అంటే ఇంటి పొడవునా నడినెత్తిన పరుచుకున్న దూలం. మనిషికి వెన్నెముక ఎలాగో ఇంటికి అది అలాగన్నమాట.

మరి వెన్నుగాడిని మోసేదెవరు? చిన్న పూరింట్లో అయితే నేలలోంచి నిలువుగా లేచిన నిట్రాడు. పెద్ద ఇంట్లో నట్టింట స్తంభం అడ్డమొస్తుంది కాబట్టి ఈ గోడనుంచి ఆ గోడకు ఓ పెద్ద దూలం వేసి, దాని నడుమ పొట్టి స్తంభం నిలబెట్టి, వెన్నుగాడిని దానిమీద కూర్చోబెడతారు. ఈ దూలం బరువు మోయడమే కాదు, ఇంకో పని కూడా చేస్తుంది. రెండు వైపులా వాలుగా దిగిన వాసాలు కాళ్లు చాపి జారిపోవాలని చూస్తాయి. గోడలను బయటికి నెడుతుంటాయి. గోడలు ఒరగకుండా రెండిటినీ కలిపి పట్టుకునేది ఈ దూలమే. పాత ఇంట్లో గది విశాలంగా కనిపించాలని దూలం కోయించేసినవాళ్లకు కొన్నాళ్లకు గోడల్లో పగుళ్లు కనిపించడం వెనకున్న రహస్యం ఇదే.

రెండు వాలులూ కలిసే శిఖరం కొప్పు. అక్కడ మామూలు పెంకు పనికిరాదు. రెండు వైపులకూ ఒంగిన కొప్పు పెంకులు పెట్టి సున్నంతోనో సిమెంటుతోనో పూడుస్తారు. ఇల్లు కారడం చాలాసార్లు మొదలయ్యేది ఇక్కడే. వాసాలు గోడదాటి బయటికి వచ్చి ఆగే అంచు చూరు. వాన నీళ్లు గోడ మీద పడకుండా కాపాడేది అదే. మట్టిగోడల కాలంలో చూరు మూరెడు తగ్గితే గోడ ఆయుష్షు పదేళ్లు తగ్గినట్టే లెక్క. 'చూరు పట్టుకుని వేలాడటం' అన్న మాట ఊరికే పుట్టలేదు. ఇల్లు మొత్తంలో మనిషి చేతికి అందే కప్పు అదొక్కటే మరి!

మంగుళూరులో పుట్టి...

పెంకుల్లోనూ రకాలున్నాయి. ఊరి కుమ్మరి సారె మీద తిప్పి, నిలువునా చీల్చి, ఆవంలో కాల్చినవి గూనపెంకులు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా వరసగా పేర్చుకుంటూ పోవడమే. కోతులు గెంతినా, పిల్లులు పరిగెత్తినా కదులుతాయి. అందుకే ఏటా వేసవి చివర ఇల్లు నేయించుకోవడం ఊళ్లో పెద్ద పని.

1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ పెంకుల కర్మాగారం పెట్టింది. యంత్రంతో అచ్చుగుద్దిన ఆ బల్లపరుపు పెంకులకు అంచుల్లో గాడులుంటాయి. పక్కపెంకు గాడిలో ఇది ఇమిడిపోతుంది. అడుగున చిన్న చిన్న కొక్కేల్లాంటి బొడిపెలు ఉండి రీపరును పట్టుకుంటాయి. అందుకే వాలులో ఉన్నా జారవు. దేశమంతా వాటిని మంగుళూరు పెంకులు అంటుంటే మనవాళ్లు మాత్రం బెంగుళూరు పెంకులు అని పేరుపెట్టుకున్నారు. ఒక్కోటి రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. చదరపు మీటరుకు పదిహేను దాకా పడతాయి. ఒకటి పగిలితే ఆ ఒక్కటే తీసి మార్చుకోవచ్చు. స్లాబుకు లేని సుఖం అదే.

గోదావరి, కృష్ణా జిల్లాల మండువా లోగిళ్లలో ఈ పనితనం పరాకాష్ఠకు చేరింది. నాలుగు వైపుల కప్పులూ లోపలికి వాలి, నడిమధ్య ఆకాశం కనిపించే చోట వాన నీటిని దింపుతాయి. రెండు వాలులు కలిసే మూలల్లో నీళ్లన్నీ కాలువలా పారతాయి. ఆ మూలకు వేసిన రేకుకు చిల్లు పడిందంటే చుట్టూ ఉన్న వాసాలు కుళ్లడం ఖాయం. లోగిలి ఎంత గొప్పదైనా దాని బతుకు ఆ మూలల్లోనే ఉంటుంది.

సీమలో మిద్దె

గోదావరి దాటి రాయలసీమకు వెళ్తే కప్పు రూపమే మారిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. వాలు కప్పుతో పనిలేదు. అక్కడ మిద్దెలే. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద బండలో, చెక్కలో, కట్టెలో పరిచి, ఆ పైన మందంగా మట్టి. పైపూతకు ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. చౌడు మట్టి కావాలి. పంట పండని ఆ చౌడు తడిస్తే మెత్తబడి సందులు పూడ్చుకుని నీళ్లను కిందికి దిగనివ్వదు. చేనుకు శాపమైనది ఇంటికి వరమైంది. ఎండాకాలంలో మంచం వేసుకోవడానికి, వడియాలు పెట్టుకోవడానికి, మిరపకాయలు ఆరబోసుకోవడానికి అదే స్థలం.

అయితే ఈ కప్పుకు ఓ గుణం ఉంది. కారినప్పుడల్లా మీద ఇంకో పొర మట్టి వేస్తారు. పాతది తీయరు. ఏళ్లు గడిచేకొద్దీ మట్టి మందం పెరుగుతుంది, కింద దూలం మాత్రం ముసలిదవుతుంది. ఎప్పుడూ లేనంత ముసురు నాలుగు రోజులు పట్టిందనుకోండి... మట్టి నీళ్లు తాగి మరింత బరువెక్కుతుంది. గోడలో దూరిన దూలపు కొసకు లోలోపల చెద పట్టి ఉంటుంది. బయటికి కనిపించదు. మిద్దెలు రాత్రిపూట, వాన వెలిశాక కూడా కూలడానికి కారణం ఇదే. తడిసిన బరువు వెంటనే దిగదు కదా! దూలం వంగినా, దంతెలు కిర్రుమన్నా, పైనుంచి మన్ను రాలినా ఆ ఇంట్లో ఆ రాత్రి పడుకోకూడదన్నది పెద్దల మాట. ప్రాణాలు కాపాడే మాట.

బరువు తలకిందులైతే...

ఇంతవరకూ చెప్పుకున్నది పైనుంచి కిందికి దిగే బరువు. తుపాను వచ్చిన రోజు మాత్రం లెక్క తలకిందులవుతుంది. గాలి కప్పును కిందికి నొక్కదు, పైకి లాగుతుంది. గాలి ఇంటి మీదుగా వేగంగా దాటేటప్పుడు కప్పు పైన ఒత్తిడి తగ్గిపోతుంది. లోపలి గాలి కప్పును పైకి నెడుతుంది. ఎదురుగాలికి తలుపో కిటికీయో విరిగిందంటే లోపలికి చొరబడ్డ గాలి కూడా ఆ నెట్టుడులో చెయ్యి కలుపుతుంది.

ఎంత బలంగా? భారతీయ ప్రమాణాల ప్రకారం విశాఖపట్నం, విజయవాడల్లో ఇల్లు డిజైన్ చేసేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు 44 మీటర్లు. 180 కిలోమీటర్ల గాలికి చదరపు అడుగుకు 14 కిలోల దాకా ఒత్తిడి పుడుతుంది. కప్పు అంచుల్లో, మూలల్లో ఇంకా ఎక్కువే. ఇప్పుడు కప్పుల బరువు చూడండి. సిమెంటు రేకు చదరపు అడుగుకు కిలోన్నర. పెంకుల కప్పు కలపతో కలిపి ఐదు కిలోలకు అటూఇటూ. ఐదంగుళాల స్లాబు 29 కిలోలు. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవున్న గది తీసుకుంటే రేకుల బరువు 180 కిలోలు. గాలి లాగుడు సుమారు 17 క్వింటాళ్లు! రేకులు ఎగరడం వింత కాదు, ఎగరకుండా ఉండటమే వింత.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం పైకప్పే దెబ్బతింది. ఇక రేకుల ఇళ్ల సంగతి చెప్పాలా? 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసి, కొబ్బరిచెట్లతోపాటు ఇళ్లనూ పెకిలించేసింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో చనిపోయినవాళ్లు పదివేలకు తక్కువ లేరు. అది ప్రధానంగా నీటి దెబ్బ. ఎక్కి నిలబడటానికి గట్టి కప్పు ఒక్కటుంటే ప్రాణం దక్కుతుందన్న పాఠం దివిసీమ నేర్పాకే తీరం పొడవునా కాంక్రీటు తుపాను షెల్టర్లు లేచాయి.

మరి తేలికపాటి కప్పులున్నవాళ్లకు దారే లేదా? ఉంది. కప్పు బరువు పెంచడం కాదు, కట్లు బిగించడం. పెంకును రీపరుకు తీగతో, రీపరును వాసానికి మేకుతో, వాసాన్ని వెన్నుగాడికీ గోడమీది దూలానికీ ఇనుప పట్టీతో, ఆ దూలాన్ని గోడలోకి దింపిన బోల్టుతో... ఇలా పైనుంచి పునాదిదాకా గొలుసులా కలపాలి. మేకు నిలువుగా కొడితే పైకి లాగినప్పుడు ఊడివస్తుంది. చుట్టూ తిప్పి బిగించిన పట్టీ ఊడదు. రేకులకైతే కొక్కెం బోల్టులు, అంచుల దగ్గర మరీ దగ్గరదగ్గరగా. చూరు ఒకటిన్నర అడుగు మించి బయటికి పోకుండా చూసుకోవాలి. వసారా కప్పును ఇంటి కప్పుకు కలపకుండా విడిగా కట్టాలి. గాలికి వసారా పోయినా ఇల్లు మిగులుతుంది.

ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు కట్టినవాళ్లు ఏ ఇంజినీరింగ్ కాలేజీలోనూ చదవలేదు. గుండ్రటి గోడ, గొడుగులాంటి తాటాకు కప్పు, నేలకు అందేంత కిందికి దిగిన చూరు. గాలికి పట్టు దొరికే మూల ఒక్కటీ లేదు. ఏ దిక్కునుంచి వచ్చినా పక్కనుంచి జారిపోవాల్సిందే.

స్లాబులో దాగినవి

ఇప్పుడు మన నెత్తిన ఉన్నది స్లాబు. గాలికి ఎగరదు, నిప్పుకు అంటుకోదు. అందుకే అందరి కలా అదే. కానీ పెంకుటింట్లో బయటికి కనిపించినవన్నీ ఇందులో లోపలికి వెళ్లిపోయాయి. ఒకసారి కాంక్రీటు పోశాక తప్పు జరిగినా కనిపించదు. చూడాల్సింది ఆ ఒక్కరోజు, పోయకముందే.

కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. లాగుడును తట్టుకోలేదు. ఆ పనికే ఇనుప ఊచలు. గది మధ్యలో స్లాబు కిందికి వంగాలని చూస్తుంది కాబట్టి అక్కడ లాగుడు అడుగుభాగంలో ఉంటుంది. ఊచలూ అడుగునే ఉండాలి. గోడ దాటి గాల్లోకి వచ్చే బాల్కనీ, సన్‌షేడ్‌లలో ఇది తలకిందులు. అక్కడ లాగుడు పైభాగంలో ఉంటుంది. ఊచలు పైన ఉండాలి. కాంక్రీటు మోసే కూలీలు తొక్కుకుంటూ తిరిగి పైఊచలను కిందికి అణిచేస్తే ఆ బాల్కనీకి బలం లేనట్టే. సెంట్రింగ్ తీసిన రోజునే కూలిన సన్‌షేడ్‌లలో కొన్నిటి కథ ఇదే.

రెండోది కవరు. ఊచకూ బయటి గాలికీ మధ్య ఉండే కాంక్రీటు పొర. మామూలు వాతావరణంలో స్లాబుకు కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలి. అంటే ముప్పావు అంగుళం. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఇంకా ఎక్కువ కావాలి. ఊచల కింద కవరు బిళ్లలు పెట్టకపోతే ఊచ నేరుగా సెంట్రింగ్ పలక మీద కూర్చుంటుంది. కొన్నేళ్లకు తేమ తగిలి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పది రూపాయల బిళ్ల దగ్గర కక్కుర్తి పడితే లక్షల ఇల్లు మూల్యం చెల్లిస్తుంది.

మూడోది నీళ్లు. కనీసం ఏడు రోజులు, ఎండలు మండే రోజుల్లో పది రోజులు మడులు కట్టి తడపాలి. పదిహేను అడుగుల లోపు గదికి కింది పోటులు కనీసం ఏడు రోజులు, అంతకు మించితే కనీసం పద్నాలుగు రోజులు ఉంచాలి. పక్కింటి పనికి పలకలు కావాలని మేస్త్రీ తొందరపడినా ఇంటాయన తొందరపడకూడదు. పది, పన్నెండడుగుల గది మీద స్లాబు మూడున్నర టన్నులు తూగుతుంది మరి. వెయ్యి లీటర్ల ట్యాంకు పెడితే ఇంకో టన్ను. గొట్టానికి ఆకులు అడ్డుపడి అంగుళం మేర నీళ్లు నిలిచినా 280 కిలోలు!

నిప్పుల కుంపటి

స్లాబుతో వచ్చిన ఇంకో చిక్కు ఎండ. పెంకుల సందుల్లోంచి వేడిగాలి బయటికి పోయేది. అటక మీద ఖాళీ ఉండేది. స్లాబు పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతుంది. అర్ధరాత్రి ఫ్యాను కింద కూడా వేడిగాలే. పైన తెల్లసున్నమో, ఎండను తిప్పికొట్టే తెల్లరంగో వేస్తే లోపల వేడి తగ్గుతుంది. సీమ మిద్దెల మీద సున్నం కొట్టించిన పెద్దల ఆలోచనకే 2023 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం అయిదేళ్ల కూల్ రూఫ్ విధానంగా రూపం ఇచ్చింది.

వానకు ముందు ఓసారి...

మృగశిర కార్తెకు ముందే ఓ పూట కప్పు కోసం కేటాయించండి. స్లాబయితే మెట్లెక్కి నీళ్ల గొట్టాల మూతులు శుభ్రం చేయండి. పిట్టగోడా స్లాబూ కలిసే మూలలో పగుళ్లున్నాయేమో చూడండి. కింద గదిలో గోధుమరంగు మరకో, ఊచ వెంబడి గీతలాంటి పగులో కనిపిస్తే పైన రంగు పూసి దాచొద్దు. అది లోపలి తుప్పు పంపిన ఉత్తరం. పెంకుటిల్లయితే కొప్పు పెంకులు, మూలల రేకులు, దూలాలు గోడలో దూరిన చోటు చూడాలి. కర్రను సుత్తితో తడితే గట్టిది ఖంగుమంటుంది, చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. మిద్దెయితే దూలాల నడుమ వంపు చూడండి. రేకులయితే బోల్టులు బిగించండి. రేకు నడుమ మాత్రం కాలు పెట్టొద్దు. సిమెంటు రేకులను రంపంతో కోయడం, పగలగొట్టడం అస్సలు చేయొద్దు. ఆ దుమ్ములో ఉండే ఆస్‌బెస్టాస్ ఊపిరితిత్తులకు చేటు.

ఒకప్పుడు ఇదంతా ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. కప్పు పేర్లు ఇంటిల్లిపాదికీ నోటికొచ్చేవి. మన మాండలిక వృత్తి పదకోశాల్లో ఒక సంపుటం ఇంటి నిర్మాణానికే ఉంది. భాషావేత్త బూదరాజు రాధాకృష్ణ తీర్చిదిద్దిన ఆ పుస్తకం నిండా ఇలాంటి పదాలే. పుస్తకంలో భద్రంగా ఉన్న మాటలు నోట్లోంచి జారిపోతున్నాయి. పేరు తెలియని దాన్ని పట్టించుకోం. పట్టించుకోనిది ఎప్పుడు పాడైందో తెలియదు.

కాబట్టి ఈ ఆదివారం భోజనం అయ్యాక కాసేపు వెల్లకిలా పడుకోండి. ఫ్యాను మీద నుంచి చూపు పక్కకు జరిపి కప్పును ఈ మూలనుంచి ఆ మూలకు చూడండి. పక్కన మనవడో మనవరాలో ఉంటే పేర్లు చెప్పండి. ఎవరైనా 'తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా?' అని దెప్పినా ఫరవాలేదు. లెక్కపెట్టేది మన ఇంటివే కదా!